రెండు ముక్కలైన జ్వరం

"సీరియస్" అన్న ఒక్క ముక్కే ఒజెల్లా చెవిలో పడింది. దాని వెనకాల వచ్చిన "కాదు" పడలేదు.

చేపల ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఫోను చేసిన పిల్ల పాపం నిదానంగానే చెప్పింది, మీ కోడలి జబ్బు సీరియస్ కాదు, చట్టం చెప్పే సెలవుకి సరిపోదు అని. ఒజెల్లాకి ఎడమ చెవి వినికిడి తక్కువ. ఫోను ఆ చెవికే పెట్టుకునే అలవాటు ఎక్కువ. ఆమె ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఎత్తి, కోడలు దక్కేలా లేదని చర్చికి చేసింది.

శనివారం మధ్యాహ్నానికల్లా వంటింటి బల్ల మీద రెండు పౌండ్ కేకులు, గిన్నెడు కొలార్డ్ ఆకుకూర, వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె వచ్చి కూర్చున్నాయి. మా మిసిసిప్పీ డెల్టాలో ఒక ఇంటికి ఒకే రోజు రెండు పౌండ్ కేకులు వెళ్ళాయంటే ఆ వీధిన పోయే మగవాళ్ళు అది చావిల్లనుకుని టోపీలు తీసి నడుస్తారు.

చావాల్సిన మనిషి మాత్రం బల్ల దగ్గరే కూర్చుని ఉంది. వెర్డెల్ ముఖం పీక్కుపోయి, కళ్ళకింద నలుపు దిగి ఉంది గానీ, తన దినం భోజనానికి తానే పిలవకుండా వచ్చినట్టు ఆ కేకుల వంక చూస్తోంది.

"పోయింది నేను కాదు. ఉద్యోగం" అంది, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళతో. "జ్వరం వచ్చింది, సెలవడిగాను. శాశ్వతంగా సెలవిచ్చారు."

రూథెల్, మోజెల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ షిఫ్టు దిగి రబ్బరు బూట్లతోనే వచ్చేశారు. కోతబల్ల దగ్గర వెర్డెల్‌కి కుడిపక్క రూథెల్, రూథెల్ పక్కన మోజెల్, ఎడమపక్క వెర్డెల్ ఆడబిడ్డ ఆర్నెట్టా. పదకొండేళ్ళుగా అదే వరస. ఒక వరసలో నిలబడి చేపలు కోసేవాళ్ళకి వరసలు వాటంతటవే కలుస్తాయి. అక్క, వదిన, పిన్ని, ఏది కుదిరితే అది.

ఆర్నెట్టా అప్పటికే ఇంట్లో ఉంది, గిన్నెలు తోముతూ. ఆమె ఉండేది ఈ ఇంట్లోనే, నాలుగేళ్ళ కూతురితో. ఆమె అన్న, అంటే వెర్డెల్ మొగుడు, మిసిసిప్పీ నది మీద సరుకు బార్జీల్లో పనిచేస్తాడు. నెలకోసారి వస్తాడు, వచ్చినప్పుడు నిద్రపోతాడు. కనక ఈ ఇల్లు మూడు ఆడకాళ్ళ మీద నిలబడ్డ బల్ల. అందులో రెండు కాళ్ళకి జీతం ఉంది. నిన్నటి నుంచి ఒకదానికే.

రూథెల్ కేకు మూత తియ్యాలో ఉంచాలో తేలక అడిగింది, ఇంతకీ ఎవరూ పోలేదు కదా అని. ఒజెల్లాకి సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడకి కోపం వస్తుంది.

"సీరియస్ అని ఆ పిల్లే అంది. నేను కల్పించానా?"

"కాదు అని కూడా అంది, అత్తమ్మా."

"అయితే అది ముందు చెప్పాలి."

ఆ మాటకి మోజెల్ నవ్వబోయి, ఆర్నెట్టా వీపు చూసి మానుకుంది. ఆ వీపు వీళ్ళ వైపు తిరగడం లేదు.

లోంజో వచ్చేసరికి ఆడవాళ్ళంతా పళ్ళేలు పట్టుకున్నారు గానీ ఎవరూ తినడం లేదు. లోంజో యూనియన్ మనిషి. ఐసు గదిలో పనిచేసి చేసి ఎండాకాలంలో కూడా చొక్కా మీద చొక్కా వేసుకుంటాడు. సోమవారం ఉదయం ఆఫీసులో వెర్డెల్ కేసు వింటారు, ఆమె తరఫున మాట్లాడాల్సింది అతనే. చేతిలో ఏముందో చూసుకుందామని వచ్చాడు. చేతిలో కోడికాలు పెట్టింది ఒజెల్లా.

జబ్బు చేస్తే ఉద్యోగం పోకుండా సెలవిచ్చే చట్టం వచ్చి నాలుగేళ్ళయిందనీ, దాన్ని తాను చదివింది మాత్రం మొన్ననేననీ లోంజో ఒప్పుకున్నాడు. సీరియస్ అంటే మనం అనుకునేది కాదట, చావుబతుకుల్లో ఉండక్కర్లేదట. ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకోబెడితే చాలు, అది సీరియస్సే. పడుకోబెట్టకపోతే మాత్రం ఇంకో లెక్క ఉంది.

"మూడు రోజులు దాటాలి పెద్దమ్మా. మధ్యలో తెగకూడదు. ఆ రోజులన్నీ మనిషి పనికి లేవలేని స్థితిలో ఉండాలి, డాక్టరు చూసి మందులు రాసి ఉండాలి. జలుబూ, పన్నునొప్పీ లాంటివి పనికిరావు. కిడ్నీకి చీము పడితే పనికొస్తుంది."

"పడింది కదా."

"పడింది. డాక్టరు చూశాడు, మందులు రాశాడు, సోమవారం నుంచి గురువారం దాకా లేవకూడదని కూడా రాసిచ్చాడు. అన్నీ ఉన్నాయి."

మంచాలున్న ఆసుపత్రి మన ఊళ్ళో ఇంకా తెరిచి ఉంటే ఈ పేచీయే ఉండేది కాదని అతను గొణిగాడు. అది మూతపడి రెండేళ్ళు. జ్వరం వచ్చిన సోమవారం క్లినిక్కు డాక్టరు వెర్డెల్ నడుం మీద వేలితో తట్టాడు, ఆమె బల్ల మీంచి జారింది. పెద్ద ఊరికి పంపాలన్నాడు. బండి ఎవరిది అని అడిగాడు. ఎవరికీ బండి లేకపోతే సూది పొడిచి, మందులిచ్చి, ఇంటికి పంపాడు.

ఆ చీము ఎలా పట్టిందో ఆ వంటింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కోతబల్ల దగ్గర్నుంచి మరుగుదొడ్డికి వెళ్ళాలంటే బడిపిల్లలా చెయ్యెత్తాలి. ఫ్లోరు మేనేజరుకి చెయ్యి కనపడాలి. కనపడినా బెల్టు మీద చేపలు కనపడతాయి ముందు. చెయ్యెత్తి ఎత్తి జబ్బ నొప్పి పుడుతుంది, దింపితే జబ్బు పుడుతుంది. అందుకని పొద్దున్నే నీళ్ళు తాగడం మానేస్తారు. అందరూ మానేశారు. వెర్డెల్ అందరికంటే క్రమశిక్షణగా మానేసింది.

"అన్నీ ఉంటే ఆఫీసుకి ఏం రోగం?" అంది ఒజెల్లా.

లోంజో కోడికాలు పళ్ళెంలో పెట్టేశాడు.

"బుధవారం వెర్డెల్ అక్క పనికి వచ్చినట్టు హాజరు గడియారంలో కార్డు పడింది. పొద్దున వచ్చింది, సాయంత్రం వెళ్ళింది."

సోమ మంగళవారాలు ఒక ముక్క. గురువారం ఒక ముక్క. ఏ ముక్కా మూడు రోజులు దాటలేదు. చేపని నిలువునా రెండు చీలికలు చేసే ఫ్యాక్టరీకి జ్వరాన్ని చీల్చడం పెద్ద పనా? చీల్చిన జ్వరం చట్టం కిందికి రాదు, ఉత్తి నాగా కిందికి వస్తుంది. నాగాకో మచ్చ, ఆఫీసు రికార్డులో. వెర్డెల్‌కి అప్పటికే ఇంట్లో పిల్ల జ్వరాలకీ ఎక్కి వచ్చే బండి దొరకనందుకూ పడ్డ మచ్చలున్నాయి. ఈ మూడూ కలిసేసరికి మచ్చల కోటా నిండింది. ఉద్యోగం ఖాళీ అయింది.

ఒజెల్లా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. మా చర్చిలో ఆవిడ మదర్, అందరికీ పెద్దదిక్కయిన ఆడమనిషికి ఇచ్చే హోదా అది. మొదటి బెంచీ, తెల్ల గౌను, తెల్ల చేతిజోళ్ళు. పాస్టరు గారి భార్య కొత్త టోపీ కొనుక్కుని ఎలా ఉంది మదర్ అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ టోపీ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ఆవిడ నాలుకకి అబద్ధం తిరగదని ఫ్యాక్టరీ మేనేజరుకి కూడా తెలుసు, వాళ్ళమ్మ ఇంట్లో ఇరవయ్యేళ్ళు వంట చేసింది ఒజెల్లాయే.

"బుధవారం ఈ పిల్ల మంచం దిగలేదు. నేను పక్కనే కూర్చున్నాను. దుప్పటి తడిస్తే మార్చాను, మళ్ళీ తడిస్తే మళ్ళీ మార్చాను. ఎవరో చచ్చిపోయినవాళ్ళ పేరు పెట్టి నన్ను పిలిచింది. ఆ గడియారం అబద్ధమాడింది. సోమవారం నేను వస్తాను, వాళ్ళ ముందే చెబుతాను."

లోంజో ముఖం వెలిగింది. పెద్దమ్మ వచ్చి ఆ నాలుగు మాటలు చెబితే చాలన్నాడు. మిషన్లు పొరపాటు పడటం ఉంది, కార్డులు తారుమారవడం ఉంది, మేనేజరు మీ మాట కాదనలేడు అన్నాడు.

కుళాయి కింద నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆర్నెట్టా తోమిన పళ్ళేన్నే మళ్ళీ తోముతోంది.

"నేను వెళ్ళాను" అంది వెర్డెల్.

"ఎక్కడికి?"

"పనికి. బుధవారం. గడియారం సరిగ్గానే చెప్పింది."

లోంజోకి అర్థం కాలేదు. రూథెల్‌కి అయింది. ఆమె కేకు మూత మీది పువ్వుల బొమ్మని మొదటిసారి చూస్తున్నట్టు చూడటం మొదలుపెట్టింది.

ఒజెల్లా కోడలి దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఎలా వెళ్ళావు?"

"నడిచి."

"మంచం నుంచి తలుపుదాకా నడవడానికి నా భుజం పట్టుకున్నావు."

"మీరు కునుకు తీసినప్పుడు వెళ్ళొచ్చాను."

"పొద్దున్నించి సాయంత్రం దాకా? అది కునుకా? నేను అప్పుడే పోయానా? ఈ కేకులు నాకేనా అయితే?"

మోజెల్ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

వెర్డెల్ బల్ల మీద చేతులు పెట్టి, వేళ్ళ మీది కత్తిగాట్లని చూసుకుంటూ మాట్లాడింది. జ్వరంలో అత్తమ్మకి రోజులు కలిసిపోయి ఉంటాయంది, మంగళవారం సంగతి బుధవారం సంగతిగా గుర్తుండి ఉంటుందంది. జ్వరం వచ్చింది ఎవరికి, రోజులు కలిసిపోయింది ఎవరికి అని ఒజెల్లా అడిగింది. డెబ్బై రెండేళ్ళలో తన మాటని ఈ ఇంట్లో ఎవరూ కాదనలేదంది. తన కన్నపిల్లలు కూడా.

"నువ్వు నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నావు, వెర్డెల్. నలుగురి ముందు."

"లేదు అత్తమ్మా."

"మరి అబద్ధం ఎవరిది? మనిద్దరిలో ఒకరిది."

వెర్డెల్ వేలి మీది గాటు పెచ్చు గీకుతోంది. చేపకీ ముళ్ళుంటాయి, గడియారానికీ ముళ్ళుంటాయి. చేప ముల్లు గొంతుకి అడ్డం పడితే వీపు మీద ఒకటి చరుస్తారు. ఇది ఏ ముల్లో, ఎవరి గొంతుకి అడ్డం పడిందో లోంజోకి ఇంకా తెలియలేదు. అతను మెల్లిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు, అక్కా, వెళ్ళానని నువ్వే అంటే ఇక నా చేతిలో ఏమీ లేదు, ఉద్యోగం పోయినట్టే అని.

"తెలుసు, లోంజో."

"మళ్ళీ నిన్ను ఈ జిల్లాలో ఏ చేపల ఫ్యాక్టరీ తీసుకోదు. డాక్టరు ఇంకోసారి పరీక్ష చెయ్యాలన్నాడు కదా, ఆ ఇన్సూరెన్సూ పోతుంది."

"అదీ తెలుసు. కేకు తిను."

కుళాయి ఆగింది.

ఆర్నెట్టా చేతులు తుడుచుకోకుండానే తిరిగింది. నీళ్ళు మోచేతుల మీంచి నేల మీద కారుతున్నాయి.

"వదిన వెళ్ళలేదు. కార్డు నేను కొట్టాను."

వెర్డెల్ కళ్ళు మూసుకుంది. "నిన్నెవరు మాట్లాడమన్నారు, ఆర్నెట్టా?"

"నువ్వు ఇంకొక్క మాట మాట్లాడితే అమ్మ గుండె ఆగేలా ఉంది. నువ్వాగు, నేను చెబుతాను."

అప్పుడు ఆర్నెట్టా అందరికీ చెప్పింది, తల్లి కుడి చెవి వైపుకి వచ్చి నిలబడి, గట్టిగా. కోతబల్ల దగ్గర చోటు ఖాళీగా ఉండనివ్వరు. ఒక మనిషి రాకపోతే ఆమె చేపలు అటూ ఇటూ ఉన్నవాళ్ళు పంచుకుంటారు, కార్డు ఒకరు కొడతారు. సాయంత్రానికి తూకం తగ్గదు. తూకం తగ్గకపోతే ఫ్లోరు మేనేజరు తలెత్తడు. గౌన్లూ, టోపీలూ, ముఖానికి గుడ్డలూ వేసుకున్నాక ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. కిందటి వసంతంలో తన కడుపు పోయినప్పుడు తాను రూథెల్ ఇంట్లో రక్తం మడుగులో పడుకుని ఉంటే, రెండు రోజులు తన కార్డు కొట్టింది వెర్డెల్ వదినే.

ఒజెల్లా కన్న కూతురి ముఖంలోకి చూసింది. కడుపు పోయిన సంగతి ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

"రెండు రోజులు ఎలాగో పోనిచ్చాను" అంది ఆర్నెట్టా. "బుధవారం పొద్దున లెక్కేసుకుంటే, ఇంకొక్క మచ్చ పడితే వదినకి ఆఖరిది. అందుకని కొట్టాను. గురువారం కూడా కొట్టేదాన్నే, ఆ రోజు గడియారం దగ్గర మేనేజరు నిలబడ్డాడు. చట్టం ఉందని మాకెవరు చెప్పారు? నాలుగు రోజులూ వదిలేస్తేనే వదినకి మంచిదని మాకెవరు చెప్పారు?"

లోంజో తల దించుకున్నాడు.

"నీ కార్డు కొట్టబోయి నీ కడుపు కొట్టాను, వదినా."

ఇప్పుడు వెర్డెల్ మాట్లాడింది. అలసటగా, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్న మాటల్లా వచ్చాయి. ఆఫీసు వాళ్ళు బుధవారం అనగానే తనకి తెలిసిపోయిందంది. ఒకరి కార్డు ఇంకొకరు కొడితే అదే రోజు గేటు బయటికి పంపుతారని ఆ గడియారం మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అత్తమ్మ వెళ్ళి వెర్డెల్ మంచంలోనే ఉందని ప్రమాణం చేస్తే, మేనేజరు అడిగే తర్వాతి ప్రశ్న ఒకటే, మరి కార్డు ఎవరు కొట్టారు?

"గడియారం పొరపాటని లోంజో అంటే వాళ్ళు నమ్మరు. ఆ రోజు నా పేరు మీద చేపల తూకం కూడా ఉంది. గడియారం పొరపాటున చేపలు కొయ్యదు. ఇప్పుడు పోయింది ఒక్క ఉద్యోగం. మీరు నిజం చెబితే నాది తిరిగొస్తుందో రాదో తెలియదు గానీ దానిది పోతుంది. దానికి చిన్నపిల్ల ఉంది. మీరు సోమవారం రావద్దు, అత్తమ్మా."

"తూకం నాది" అంది రూథెల్.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఇంకా కేకు మూతనే పట్టుకుని ఉంది.

"సగం నాది. బుధవారం నీ చేపలు కుడివైపు నేను లాక్కున్నాను."

"నాకు రెండు తొట్లు తోసింది" అంది మోజెల్. "ఆవిడ ఒక్కతే కొయ్యలేక. అవి కూడా నీ పేరు మీదే వేశాం."

లోంజో కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఈ గదిలో తాను ఉండకూడదన్నాడు. యూనియన్ మనిషిగా ఇది విన్నాక వినలేదని ఎలా అనాలో తనకి తెలియదన్నాడు. కార్డు కొట్టిన మనిషి, చేపలు కోసిన మనుషులు, ఆ లెక్కన వరసంతా ఒకేసారి గేటు బయట ఉంటుంది. వరసంతా పోతే కంపెనీకి చేపలు ఎవరు కోస్తారని రూథెల్ అంది. మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడే నలభై మంది కోస్తారు అన్నాడు అతను.

పక్కగదిలో ఆర్నెట్టా కూతురు నిద్రలో దగ్గింది. నలుగురు ఆడవాళ్ళూ ఆ దగ్గు ఆగేదాకా అటే విన్నారు.

ఒజెల్లా మాత్రం కూతుర్నే చూస్తోంది. "పోయింది మగపిల్లాడా?" అని అడిగింది.

"చూడలేదమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"సోమవారం మళ్ళీ పనికి వెళ్ళాలి కదా. నీకు చెబితే వెళ్ళనిచ్చేదానివి కాదు."

ఒజెల్లా తల ఊపింది. ఎవరి మాటకి ఊపిందో తెలియలేదు. వెళ్ళి కొక్కేనికి ఉన్న తన తెల్ల గౌను దించి, కుర్చీ వీపు మీద పరిచి, చేత్తో మడతలు సర్దడం మొదలుపెట్టింది. రావద్దన్నాను కదా అత్తమ్మా అంది వెర్డెల్. ఆవిడ వినలేదో, విని కూడా ఊరుకుందో.

"లోంజో. సోమవారం నన్ను ఏం అడుగుతారు?"

"బుధవారం వెర్డెల్ ఎక్కడుందని, పెద్దమ్మా."

"మంచంలో ఉందని చెబుతాను. నాకు తెలిసింది అదే, అడిగితే అది తప్ప ఇంకోటి చెప్పలేను. కార్డు ఎవరు కొట్టారని అడిగితే అది నా కళ్ళతో నేను చూడలేదు. నేను చెప్పను. అది చెప్పాల్సింది చేసినవాళ్ళు. అందరూ వచ్చి చెబుతారా, ఎవరూ రారా, ఒక్కరిని ముందుకి తోసి వెనక నిలబడతారా, అది మీ వరస చూసుకోవాలి."

గౌను మీది ఆఖరి మడత సర్దింది.

"నీ బండిలో ఎంతమందికి చోటుంది?"

లోంజో గుమ్మం బయట నిలిపిన పాత ట్రక్కు వంక చూశాడు. వెనక ఐసు పెట్టెలు దింపేస్తే అందరికీ సరిపోతుంది అన్నాడు.

రూథెల్ కేకు మూత బల్ల మీద పెట్టింది. మోజెల్ తన బూట్లని చూసుకుంది. ఆర్నెట్టా వదిన పక్కకి వచ్చి, కోతబల్ల దగ్గర నిలబడేటట్టే ఎడమవైపు నిలబడింది. వెర్డెల్‌కి కుడివైపు, రూథెల్ నిలబడే చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.